కెర్నెలునందలి నెట్‌వర్కు మార్గములు – వాని మరమ్మతు

2016వ సంవత్సరము డిసెంబరు నెలలో, కోనసీమయందు సఖినేటిపల్లి మండలమునకు చేరిన మోరి గ్రామమున, ఇండ్లకు గాజుతీగ వచ్చెను. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ పథకము ప్రారంభింపబడిన తావు అదియే. స్తంభములపై సాగు తీగ ఎల్లరకును కనబడును. గోడకు తగిలించిన పెట్టెయు కనబడును. ఆ తీగవెంట వచ్చిన వెలుగును అక్షరములుగను, బొమ్మలుగను, పాటలుగను మనకందజేయు పనిలో మూడవవాడొకడు కలడు. వాడు మాత్రము కనబడడు. వానిని గూర్చియు, వాని పనిముట్లు చెడినపుడు బాగుచేయువారిని గూర్చియు మేము ఈ వ్యాసమున వ్రాయదలచితిమి.

వాని పేరు కెర్నెలు. కంప్యూటరునకు గాని సెల్‌ఫోనునకు గాని ప్రాణమైన ఆపరేటింగ్ సిస్టములో అన్నిటికంటె లోపలి భాగమిది. తెరపై మనము చూచు కార్యక్రమములేవియు స్వయముగా యంత్రమును తాకనేరవు. జ్ఞాపకస్థలము కావలసినను, తీగపై మాట పంపవలసినను కెర్నెలునే అడుగవలెను. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలిడిన లినక్సు, నేడు కెర్నెళ్లన్నిటిలో మిక్కిలి వ్యాప్తి చెందినది. ఆండ్రాయిడు ఫోనులన్నియు దానిపైననే నడచును. ఇండ్లలోని రౌటరులలో పెక్కును, లోకమందలి గొప్ప సర్వరులలో పెక్కును అట్టివే. మోరిలో ఒక బాలుడు పాఠము చూచుటకు బొత్తము నొక్కెనేని, ఆ కోరిక ఇటు చివరను అటు చివరను గూడ లినక్సు చేతులమీదుగా పోవుట సాధారణము.

డెల్టావాసులకు ఈ విషయము బోధపరచుట సులభమని మా తలంపు. 1847లో మొదలై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట నుండి నీరు పెద్దకాలువలోనికి, అందుండి పంటకాలువలోనికి, అందుండి బోదెలోనికి, తుదకు చేనిలోనికి వచ్చును. ప్రతి మలుపునను ఒక లాకో, తూమో ఉండును, దానికొక లస్కరుండును. కెర్నెలులో సమాచారము నడచు దారియు ఇంచుమించుగ నిట్టిదే. పంపవలసినది ఒక్క పెట్టున పోదు. సామాన్యముగా 1,500 బైట్లు మించని తునకలుగా కోయబడి పోవును. వీనిని ప్యాకెట్టులందురు. ఒక్కొక్కదానిపై ఎచ్చటినుండి వచ్చెనో, ఎచ్చటికి పోవలెనో వ్రాసియుండును. తునక వచ్చినంతనే నెట్‌వర్కు కార్డు దానిని జ్ఞాపకస్థలమున తనకై ఏర్పరచిన గడులలో ఒకదానియందుంచి, గంట కొట్టును. కెర్నెలు వచ్చి దానికొక చీటీ కట్టును. ఐపీ అను విభాగము చిరునామా సరిచూచును. టీసీపీ అను విభాగము తునకలను వరుసలో పేర్చి, నడుమ ఏదైన తప్పిపోయినచో దానికై వేచి, అందినవానికి రసీదు పంపి, తుదకు ఏ కార్యక్రమము అడిగెనో దాని వాకిట చేర్చును. ఇదంతయు మైక్రోసెకండులలో జరుగును.

గంటను గూర్చి ఒక మాట చెప్పవలెను. తునకకొక గంట చొప్పున కొట్టినచో, సెకనునకు లక్షల తునకలు వచ్చువేళ కెర్నెలునకు గంటలు ఆలకించుటయే పనియగును గాని సరకు దింపుట జరుగదు. యంత్రము నడచుచునే యుండును. పని మాత్రము సున్న. దీనికి లినక్సువారు కనిపెట్టిన ఉపాయము నాపీ అనబడునది. మొదటి గంట వినినంతనే గంటను కట్టివేసి, ఒక్కొక్క పర్యాయమునకు 64 తునకలకు మించకుండ తీసికొనుచు, గడులు ఖాళీయైన పిదప మరల గంట విప్పుదురు. రేవులో పిలిచిన ప్రతివానికొకసారి పడవ కట్టు సరంగు ఏ నాటికిని ఏరు దాటింపలేడు గదా!

ఈ కోడునందలి లోపము ఎంతటి చేటు తేగలదో లోకమునకు మొదట తెలిసినది 1986వ సంవత్సరము అక్టోబరులో. అప్పటికి లినక్సు పుట్టలేదు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ఆవరణకును నడుమ దూరము 400 గజములు. ఆ దారిలో సెకనునకు 32,000 బిట్లు పోవుచుండెడివి. ఒకనాడు అది 40 బిట్లకు పడిపోయెను. అనగా ఎనిమిదివందలవ వంతు. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. దారి క్రిక్కిరిసి తునకలు పోయినకొలదియు, పంపువారు పోయినవానిని మరల మరల పంపి దారిని మరింత క్రిక్కిరియజేసిరి. నీరు తక్కువైన యేడు ఎగువవారందరు ఒక్కసారి తూములెత్తినచో శివారు చేలకు చుక్కయైన దక్కనట్లే ఇదియు. వాన్ జాకబ్సన్ అను పండితుడు 1988లో ప్రకటించిన మందు ఏమనగా: పంపువాడు కొద్దిగా మొదలిడి, రసీదులు వచ్చినకొలది పెంచుచు, తునక పోయినట్లు గుర్తించినంతనే తన పాలు తగ్గించుకొనవలెను. తీగను పెంచలేదు, రెండు చివరలనున్న కెర్నెళ్ల ప్రవర్తనను మార్చిరి. వంతులు వేయుటకు లస్కరు లేడు గనుక ప్రతి రైతును తన వంతు తానే తెలిసికొను ఉపాయమిది. మా అభిప్రాయమున ఈ విద్యలో ఇంతకంటె అందమైన మరమ్మతు మరి లేదు.

ఇంతకంటె దగ్గరి కాలపు ఉదాహరణ మొకటి కలదు. లెక్కలు నేర్చిన విద్యార్థులందరు తమ పలకపై దీనిని సరిచూచుకొనవచ్చును. 2019వ సంవత్సరము జూను 17వ తేదీన, లినక్సు నడచు యంత్రమును దూరమున నుండి ఏ పరాయివాడైనను, రహస్యపదముతో పని లేకయే, నిలిపివేయగలడను సంగతి బయటపడెను. కనిపెట్టినవాడు నెట్‌ఫ్లిక్స్ సంస్థలోని జోనాథన్ లూనీ.

టీసీపీలో శాక్ అను ఏర్పాటు కలదు. ‘పదవది వరకు అందినవి, పదునొకండవది రాలేదు, పండ్రెండు మొదలు ఇరువది వరకు అందినవి’ అని ఎదుటివాడు విడమరచి తెలుపుటయే శాక్. అట్లు తెలిపినపుడు, పంపిన కెర్నెలు జ్ఞాపకస్థలము పొదుపు చేయుటకై ప్రక్కప్రక్క చీటీలను ఒకే చీటీగా కలుపును. ఒక చీటీలో 17 అరలు. సామాన్య యంత్రములలో ఒక్కొక్క అర 32 కిలోబైట్లు, అనగా 32,768 బైట్లు. మొత్తము 5,57,056 బైట్లు. ఈ సరకు ఎన్ని తునకలుగా పోయెనో వ్రాసికొనుటకు ఆ చీటీలోనే ఒక చిన్న గడి యుండును. దానికి 16 బిట్లు మాత్రమే చోటు. అందు 65,535 కంటె పెద్ద సంఖ్య పట్టదు.

తునక పెద్దదైనంతకాలము ఈ చోటు చాలును. కాని తునక ఎంత పెద్దదిగా ఉండవలెనో చెప్పు హక్కు ఎదుటివానికి కలదు. లినక్సు ఒప్పుకొను కనీసపు కొలత 48 బైట్లు. అందు 40 బైట్ల వరకు టీసీపీ తన గుర్తులకే వాడుకొనవచ్చును. మిగిలినది 8 బైట్లు. 5,57,056ను 8చే భాగించినచో 69,632 తునకలు వచ్చును. మోటారుబండి మైళ్ల మీటరు అంకెలన్నియు తొమ్మిదులైన పిదప మరల సున్నలతో మొదలిడినట్లు, ఈ గడియు 65,536 దగ్గర సున్నయై, 69,632కు మారుగా 4,096 అని చూపును. కెర్నెలులో ఒకచోట లెక్క సరిచూచు వాక్యముండెను. లెక్క పొసగనిచో ముందునకు నడచుట ప్రమాదమని యెంచి యంత్రమునే ఆపివేయుమని దాని శాసనము. అది తన పని తాను చేసెను, యంత్రము నిలిచిపోయెడిది.

2009లో వెలువడిన 2.6.29వ కూర్పు నుండి ఈ లోపము పదియేండ్లు అందులోనే యుండెను. కోట్లకొలది యంత్రములు నడచెను, ఎవరికిని తగులలేదు. బుద్ధిపూర్వకముగా 48 బైట్లని అడిగి, బుద్ధిపూర్వకముగా చిత్రమైన రసీదులు పంపువాడు వచ్చినగాని అది బయటపడదు. అట్టివాడు ముందుగా వచ్చియుండినచో, రైలు టిక్కెట్లు, బ్యాంకు లెక్కలు, పరీక్షల ఫలితములు మోయు యంత్రములు నిష్కారణముగా ఆగి, మరల లేచి, మరల ఆగుచుండెడివి.

మరమ్మతు వ్రాసినవాడు గూగుల్ సంస్థలోని ఎరిక్ డ్యుమాజే. చీటీలను కలుపుటకు ముందు మొత్తము 65,535 దాటునేమో చూచి, దాటునెడల కలుపకుండ విడిచిపెట్టుటయే దాని సారాంశము. కొద్ది పంక్తుల పని. అది అందువరకు ఆగలేనివారు శాక్ ఏర్పాటునే మూసివేసికొనుడని సలహా ఇయ్యబడెను. ఇది గండి పడునని కాలువనే కట్టివేయుట వంటిది. ప్రాణము నిలుచును, వేగము తగ్గును.

అంతటితో కథ ముగియలేదు. అదే దినమున మరియొక తోబుట్టువు లోపమును సరిచేసిరి. శత్రువు పంపు రసీదులవలన చీటీలు చిన్న చిన్న ముక్కలై జ్ఞాపకస్థలమును మ్రింగివేయుచుండెను గనుక, దానికొక హద్దు పెట్టిరి. ఆ హద్దు కొందరు నిరపరాధులకు తగిలెను. తమ పంపుడు బఫరును కావలెననియే చిన్నదిగా పెట్టుకొన్న కార్యక్రమములు కొన్ని ఉన్నట్లుండి కదలక నిలిచెను. మరల ఆ జూనులోను, జూలైలోను హద్దును సవరింపవలసివచ్చెను. మరమ్మతునకు మరమ్మతు! వంట్రు తూము ఎత్తు మార్చినచో దిగువ తూములన్నిటి మట్టము చూడవలెనని కాలువ పనులు తెలిసినవారికి మేము చెప్పనక్కరలేదు.

ఈ పని జరుగు తీరును కొంచెము వివరింతుము. మరమ్మతును ప్యాచి అందురు. ఎవడైనను వ్రాయవచ్చును, డబ్బు లేదు, అనుమతిపత్రము లేదు. దానిని ఈమెయిలుగా అందరు చూచునట్లు పంపవలెను. తాను ఎరుగబడు పేరుతో చేవ్రాలు చేయవలెను. చూచినవారు నిర్మొగమాటముగా తప్పులు పట్టుదురు. ఒక ప్యాచిని అయిదారుసార్లు తిరిగి వ్రాయించుట వింత కాదు. నెట్‌వర్కు విభాగమును చిరకాలము డేవిడ్ మిల్లర్ కాపాడెను; పిదప జాకుబ్ కిచిన్‌స్కీ, పావోలో అబేనీ, డ్యుమాజే మున్నగువారు ఆ భారమును పంచుకొనిరి. కాపరుల పట్టిక కెర్నెలుతోపాటే బహిరంగముగా ఉండును. అందు తెలుగు ఇంటిపేర్లును కనబడుచున్నవి.

మరమ్మతులకొక దారి, క్రొత్త కట్టడములకొక దారి వేరువేరుగా ఉంచుదురు. తొమ్మిది పది వారములకొక క్రొత్త కూర్పు వెలువడును. దానికి సరకు చేర్చు మొదటి రెండు వారములు క్రొత్త కట్టడముల దారి మూసియుండును. మరమ్మతుల దారి మూయరు. వేసవిలో మన కాలువలు కట్టివేసి పూడిక తీయుట కలదు గాని, లోకమందలి నెట్‌వర్కునకు వేసవి లేదు. నీరు పారుచుండగనే తలుపు మార్చవలెను.

ప్యాచి క్రింద ఒక పంక్తి వ్రాయు ఆచారమున్నది. ఈ లోపము ఏ నాటి ఏ మార్పువలన వచ్చెనో దాని 12 అక్షరముల గుర్తును అందు చేర్తురు. ఎవరినో అవమానించుటకు కాదిది. లోపము పుట్టిన తావు తెలిసినగాని, పాత కూర్పులలో వేనికి ఈ మందు కావలెనో తెలియదు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మున్నగువారు ఆ గుర్తును చూచియే పాత కూర్పులకు మరమ్మతులను మోసికొనిపోవుదురు. అన్ని ఆచారములలో మాకు మిక్కిలి నచ్చినది ఈ ఒక్క పంక్తి.

ఇక మిగిలినది శివారు సంగతి. పెద్దకాలువలో నీరు నిండుగనున్నను బోదె పూడినచో చేను ఎండును. 2019 జూనులో వ్రాసిన మరమ్మతు సర్వరులకు శీఘ్రముగ చేరెను. వానికి కావలివారుందురు గనుక. గోడమీది పెట్టెకు కావలి ఎవరు? ఆ పెట్టె చేయువాడు ఒకానొక పాత కెర్నెలును తీసికొని, తన మార్పులు కూర్చి, పెట్టె అమ్మిన పిదప క్రొత్త నమూనాకు మరలుట కద్దు. అతడు మరమ్మతును తెచ్చి పోసినగాని అది ఇంటికి రాదు. అతడు మానినచో కొన్నవాడు చేయగలిగినది స్వల్పము. బయటివారికి తలుపు తీయని పెట్టెకు పైని చెప్పిన లోపమువలన భయము తక్కువయే గాని, ఏటేట క్రొత్త లోపములు బయటపడుచునే యున్నవి.

ఆండ్రాయిడు ఫోను కలవారు సెట్టింగులలో ‘ఫోనును గూర్చి’ అను చోట కెర్నెల్ వర్షను చూడవచ్చును. అందు మూడు సంఖ్యలుండును. పైని చెప్పిన మరమ్మతు 4.4 కూర్పునకు 4.4.182లోను, 4.9 కూర్పునకు 4.9.182లోను, 4.14 కూర్పునకు 4.14.127లోను, 4.19 కూర్పునకు 4.19.52లోను చేరెను. 5.1 కూర్పున 5.1.11లో చేరెను, అటుపిమ్మటి 5.2 మొదలైన కూర్పులలో మొదటినుండియు కలదు. తమ ఫోనులో మూడవ సంఖ్య అంతకు తక్కువగా ఉండి, అమ్మినవాడు ఆ ఒక్క మరమ్మతును వేరుగా చేర్చియుండనిచో, 69,632ను 4,096గా చదువు ఆ పాత గడి నేటికిని అందులోనే యున్నదని గ్రహింపవలెను.