కోరిక ఉన్న శత్రువు: కథాక్రీడలో ప్రతినాయకుడి నిర్మాణం

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క కల్పిత పాత్రను ధరించి, మాటలతోనూ పాచికలతోనూ కలిసి అల్లుకునే కథాక్రీడను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్ల పేరుతో వెలువడిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ ప్రక్రియకు ఒక స్థిరమైన రూపాన్నిచ్చింది. ఇందులో ఒకరు తప్ప తక్కినవారంతా కథానాయకులు. ఆ ఒక్కరు, అంటే గేమ్ మాస్టర్, లోకాన్ని వర్ణిస్తూ, నాయకులకు ఎదురుపడే ప్రతి మనిషికీ, ప్రతి భూతానికీ గొంతునిస్తూ, నియమాలను అమలుచేస్తారు. ప్రతినాయకుడిని మలిచే బాధ్యతా వారిదే. ఈ పనిలో నవలాకారుడికి లేని చిక్కు ఒకటుంది: నవలలో నాయకుడు కోట తలుపు ఎప్పుడు తడతాడో రచయితకు ముందే తెలుసు, కాని ఇక్కడ నిర్ణయాలు ఇతరుల చేతిలోనూ ఫలితాలు పాచికల చేతిలోనూ ఉంటాయి కనుక, ఎంతో శ్రమతో తీర్చిదిద్దిన దుష్టుడు తొలి ఘర్షణలోనే నేలకూలే అవకాశం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

ఈ భయంతో కొత్త గేమ్ మాస్టర్లు మొదట అంకెలను ఆశ్రయిస్తారు. ఒక పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే సంఖ్యను హిట్ పాయింట్లు అంటారు. దానిని రెట్టింపు చేస్తే శత్రువు రెట్టింపు భయంకరుడవుతాడని భావించడం సహజమే గాని, ఆ మార్పుతో పోరాటం సాగడమే తప్ప ప్రమాదం అంతగా పెరగదు. అసలు లోటు వంతుల లెక్కలో ఉంది. పోరాటంలో ప్రతి రౌండుకూ ప్రతి పాత్రకూ ఒక వంతు వస్తుంది కాబట్టి, ఐదుగురు నాయకులు ఐదు వంతులు ఆడేలోగా ఒంటరి శత్రువుకు ఒక్క వంతే దక్కుతుంది, పైగా కట్టిపడేసే మంత్రం ఏదైనా ఫలిస్తే ఆ ఒక్కటీ పోతుంది. 2014లో వచ్చిన ఐదవ కూర్పు ఈ లోటును గుర్తించి మూడు ఉపాయాలు చేసింది. ఇతరుల వంతు ముగిసిన వెంటనే శత్రువు ఒక చిన్న చర్య చేయడాన్ని లెజెండరీ యాక్షన్ అన్నారు. పాచిక ఓడించినా మంత్రప్రభావాన్ని తోసిపుచ్చే పరిమిత హక్కును లెజెండరీ రెసిస్టెన్స్ అన్నారు. శత్రువు నివాసమే అతని పక్షాన కదలడాన్ని లెయిర్ యాక్షన్ అన్నారు. ఈ ఉపాయాలు అవసరమైనవే, కాని ఇవి ప్రతినాయకుడి శరీరాన్ని మాత్రమే కాపాడగలవు. అతని పేరు వినగానే ఆటగాళ్లు ఒక్క క్షణం మాట మరిచేలా చేసేది వేరే ఉంది.

అది ఏమిటో తెలుసుకోవడానికి ‘రేవెన్‌లాఫ్ట్’ను మించిన ఉదాహరణ అరుదు. ఒక ఆటలో భూగర్భపు దారుల మధ్య కారణమేమీ లేకుండా ఎదురైన రక్తపిశాచిని చూసి, ఇతడికి ఇక్కడ ఏం పని అన్న ప్రశ్న ట్రేసీ హిక్‌మన్‌కు కలిగింది. భార్య లారాతో కలిసి ఆయన ఆ ప్రశ్నకు వెతికిన సమాధానమే 1983లో టీఎస్ఆర్ సంస్థ ప్రచురించిన ఈ సాహసగాథ. దీని ప్రతినాయకుడు స్ట్రాడ్ వాన్ జారోవిచ్, బరోవియా లోయను యుద్ధంలో గెలుచుకున్న ప్రభువు. యౌవనమంతా రణరంగాలకు ధారపోసిన అతడు తమ్ముడు సెర్గేయ్‌కి కాబోయే భార్య తాత్యానాను మోహించి, మృత్యువుతో ఒప్పందం చేసుకుని, పెళ్లినాడే తమ్ముడిని చంపుతాడు. అతడి బారి నుంచి తప్పించుకోవడానికి ఆమె కోటగోడ మీదనుంచి దూకేస్తుంది. అతడు చావులేని రక్తపిశాచిగా మిగిలిపోతాడు. నాయకులు లోయలో అడుగుపెట్టే నాటికి ఇరీనా అనే యువతిలో తాత్యానా పోలికలను చూసిన స్ట్రాడ్ ఆమెకోసం మళ్లీ వల పన్నుతుంటాడు.

హిక్‌మన్ దంపతుల గొప్పతనం ఈ విషాదగాథను చెప్పడంలో కన్నా దానిని ఆటలో పనిచేసే యంత్రంగా మార్చడంలో ఎక్కువగా కనిపిస్తుంది. స్ట్రాడ్‌కు కావలసింది ఒక మనిషి, ఆ మనిషి నాయకుల రక్షణలో ఉంటుంది. అందువల్ల వారు ఎటు కదిలినా అతడి దారికి అడ్డం వస్తారు, అతడు వారిని వెతుక్కుంటూ వస్తాడు. గేమ్ మాస్టర్ కొత్తగా సంఘటనలు కల్పించవలసిన పని చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే కోరిక తెలిసిన పాత్ర ఏ పరిస్థితిలో ఏం చేస్తుందో ఊహించడం సులభం. ఆట మొదట్లో జోస్యం చెప్పే పేకముక్కలు తీసి, స్ట్రాడ్ ఎక్కడ ఎదురవుతాడో, అతడిని ఓడించే ఆయుధాలు కోటలో ఎక్కడ దాగి ఉన్నాయో నిర్ణయించే పద్ధతి కూడా ఈ పుస్తకంలో ఉంది. ఒకసారి ఆడినవారు మరోసారి ఆడినా రహస్యం చెడదు. 2016లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ ఈ గాథను విస్తరించి ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’గా వెలువరించినప్పుడు, అతడు నాయకులను తన కోటకు విందుకు పిలిచే ఉత్తరాన్నీ చేర్చారు. చివరి గదిలో కూర్చుని ఎదురుచూసే శత్రువు కన్నా, ఇలా మర్యాదగా పలకరించి, పరీక్షించి, వెనుదిరిగే శత్రువు ఎంతో బలవంతుడు, ఎందుకంటే ఆటగాళ్లు అతడిని ద్వేషించేంతగా ఎరుగుదురు.

ఇదే సూత్రానికి పూర్తిగా భిన్నమైన దారి గైగాక్స్ రాసిన ‘టూంబ్ ఆఫ్ హారర్స్’లో ఉంది. 1978లో అచ్చయిన ఆ గాథలో అసెరెరాక్ అనే మాంత్రికుడు దాదాపు కడదాకా కనబడడు. అతడి సమాధిలోని ప్రతి ఉచ్చూ అతడి క్రూరబుద్ధిని పరిచయం చేస్తుంది. సాహసించదగిన పద్ధతే, కాని ప్రాణాలు పోగొట్టుకుంటూ నేర్చుకోవడానికి సిద్ధపడిన ఆటగాళ్లకే అది తగినది.

బలం గురించి ఎంత చెప్పుకున్నా, బలహీనతను అంతకన్నా శ్రద్ధగా తయారుచేయాలి. హిరణ్యకశిపుడు పొందిన వరంలో ప్రతి షరతూ ఒక రక్షణే అయినా, ఆ షరతుల సందుల్లోంచే అతడి మరణం ప్రవేశించింది. స్ట్రాడ్ నిర్మాణమూ ఇటువంటిదే. ప్రతి వంతు మొదట్లో అతడి గాయాలు కొంతమేర మానిపోతాయి, కాని ఎండలోనూ పారే నీటిలోనూ ఆ శక్తి పనిచేయదు. పిలవనిదే ఎవరి ఇంట్లోనూ అడుగుపెట్టలేడు. శవపేటికలో అశక్తుడై ఉండగా గుండెలో చెక్క మేకు దిగితే కదలలేడు. ఈ నియమాలను గేమ్ మాస్టర్ తన మనసులోనే దాచుకుంటే అవి ఎవరికీ ఉపకరించవు. గ్రామస్థుల మాటల్లో, పాత దినచర్య పుస్తకంలో, పూజారి హెచ్చరికలో వాటి ఆనవాళ్లు ముందే కనిపించి, ఆటగాళ్లు తమ తెలివితో వాటిని కలుపుకున్నప్పుడు, గెలుపు పాచికలు పెట్టిన భిక్షలా కాక వారి స్వార్జితంలా నిలుస్తుంది.

ఈ శతాబ్దంలో వచ్చిన ఆటలు ప్రతినాయకుడి నిర్మాణానికి కాలాన్ని జోడించాయి. 2010లో విన్సెంట్ బేకర్ ప్రచురించిన ‘అపోకలిప్స్ వరల్డ్’లో, ముంచుకొచ్చే ప్రమాదానికి గడియారపు బొమ్మ గీసి, ఎవరూ అడ్డుకోకపోతే అది మెట్టు మెట్టుగా ఎలా ముదురుతుందో ముందే రాసి ఉంచుతారు. నాయకులు వేరే పనిమీద వెళ్లినప్పుడు ప్రతినాయకుడు ఆగిపోడన్న స్పృహ దీనివల్ల కలుగుతుంది: వారు తిరిగొచ్చేసరికి ఒక గ్రామం ఖాళీ అయి ఉంటుంది, ఒక మిత్రుడు పక్షం మార్చి ఉంటాడు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా శత్రువు ముందుగానే ఓడిపోతే ఏం చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. ఎవరూ చూడకుండా పాచిక ఫలితాన్ని మార్చి అతడిని బతికించే గేమ్ మాస్టర్లు ఉన్నారు. ఇది తప్పు, ఎందుకంటే తమ నిర్ణయాలకు విలువ లేదని ఆటగాళ్లు పసిగట్టిన నాటినుంచి ఏ ప్రతినాయకుడూ వారిని భయపెట్టలేడు. తప్పించుకునే దారిని నియమంగానే ముందు రాసిపెట్టడం మేలు: హిట్ పాయింట్లు అయిపోయినప్పుడు స్ట్రాడ్ పొగమంచుగా మారి శవపేటిక వైపు సాగుతాడు, కాని రెండు గంటల్లో దానిని చేరకపోతే నశిస్తాడు కనుక, ఆటగాళ్లు పరుగుపందెంలా వెంబడించి అతడిని అంతం చేయవచ్చు. వారు ఆ పందెంలో గెలిస్తే గేమ్ మాస్టర్ అతడిని పోనివ్వాలి, ఆ రోజునుంచి కోట ఎవరి వశమవుతుందో, బరోవియా జనం భయం లేని తమ మొదటి చలికాలాన్ని ఎలా గడుపుతారో ఆలోచించడం మొదలుపెట్టాలి.