మంచుకొండ నుండి కడలి వరకు ఒక సైకిలుబాట

సైకిలు మన ఇండ్లలో చిరకాలముగా పనిముట్టు. అది పాలబిందెలు మోసినది, తపాలాసంచి మోసినది, పిల్లలను బడికి చేర్చినది. అట్టి సైకిలు నెక్కి, ఏ పనియు పెట్టుకొనక, ఐదారు రోజులు కొండలవెంట తొక్కుకొనుచు పోవుట మనలో పలువురకు వింతగా తోచవచ్చును. అయినను కొన్ని దేశములలో ఇట్టి దూరప్రయాణములకై ప్రత్యేకముగా బాటలు తీర్చి, దారి తప్పకుండ గుర్తుపలకలు నాటి ఉంచినారు. వానిలో ఒకదానిని గూర్చి ఈనాడు ముచ్చటించుకొందము. న్యూజీలాండు దక్షిణద్వీపములో, ఆ దేశమునకెల్ల ఎత్తయిన అవొరాకి పర్వతపు పాదమున మొదలై, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఓమరూ పట్టణములో ముగియు ఈ బాటకు ‘ఆల్ప్స్ టు ఓషన్’ అని పేరు. ఆల్ప్స్ అనగానే ఐరోపా తలపునకు వచ్చును గాని, ఇవి ఆ పేరు అరువు తెచ్చుకొన్న దక్షిణపు ఆల్ప్సు.

ఈ బాటను పుట్టించినది నిరుద్యోగము. 2008లో ప్రపంచమును పట్టుకొన్న ఆర్థికమాంద్యము న్యూజీలాండును కూడ తాకినది. 2009 ఫిబ్రవరిలో నాటి ప్రధాని జాన్ కీ, పనులు కల్పించు మార్గము లాలోచించుటకు ఒక సమావేశము పిలిచినాడు. దేశము ఈ కొన నుండి ఆ కొన వరకు ఒకే సైకిలుబాట వేయుదమను ఊహ అందులో బయలుదేరినది. ప్రభుత్వము ఐదు కోట్ల డాలర్లు కేటాయించినది. తీరా లెక్కలు వేసి చూడగా, ఒకే బాట అయ్యెడి పని కాదని తేలి, దేశములో అక్కడక్కడ విడివిడి బాటలు వేయుటకు నిశ్చయించినారు. ఇప్పుడట్టివి ఇరువదికి మించి ఉన్నవి. మన బాట వానిలో పొడవైన వానిలో ఒకటి. మూడువందల కిలోమీటర్లకు పైమాటే. ఇందులో కొంత పాత కంకరరోడ్డు, కొంత కాలువగట్టు, కొంత పట్టాలు తీసివేసిన రైలుకట్ట, కొంత గొర్రెల కామందులు దారి యిచ్చిన మేతభూమి. రోడ్డుపై సాగు భాగములను ఒక్కొక్కటిగా పక్కకు మళ్లించుచున్నందున, పాతపటములోని పొడవునకు, కొత్తపటములోని పొడవునకు పొత్తు కుదరదు.

అవొరాకి ఎత్తు 3,724 మీటర్లు. 1953లో ఎవరెస్టు నెక్కిన ఎడ్మండ్ హిల్లరీ తన కాళ్లను గట్టిపరచుకొన్న కొండలలో ఇది ముఖ్యమైనది. దీని దక్షిణపు అంచు వెంట శిఖరమును మొదటిసారి చేరిన 1948 నాటి జట్టులో ఆయన ఒకడు. చిరకాలము ‘మౌంట్ కుక్’ అనియే పిలువబడిన ఈ కొండకు 1998లో ఒక చట్టముద్వారా మావోరీల నాటి పేరును కూడ తిరిగి జోడించినారు. ఆ మావోరీ తెగవారు చెప్పు కథ యిది: అవొరాకి ఆకాశదేవుని కుమారుడు. తమ్ములతో పడవపై భూమికి దిగివచ్చినాడు. తిరిగి పోవు వేళ పడవ ఒరిగి చిక్కుకొన్నది. అన్నదమ్ములు ఎత్తుగానున్న వైపునకు ఎగబ్రాకి అక్కడనే చలికి రాళ్లయిపోయినారు. ఆ పడవయే దక్షిణద్వీపము. ఈ కొండల మంచు కరగి పారు నదికి వైటాకి అని పేరు. కన్నీరు అని ఆ మాటకు అర్థము చెప్పుదురు. మన బాట అంతయు కొంచె మించుమించుగా ఆ కన్నీటి వెంబడి సాగు బాట. అందుచేత బాట కథ చెప్పుట యనగా నది కథ చెప్పుటయే.

బయలుదేరిన కొలది కిలోమీటర్లకే ఒక అడ్డు తగులును. టాస్మన్ నది అక్కడ పాయలుపాయలుగా చీలి పారుచుండును. దానిపై వంతెన లేదు. కనుక యాత్రికుని, అతని సైకిలును హెలికాప్టరులో ఆవలి ఒడ్డునకు చేర్చుదురు. సైకిలుయాత్ర ఆరంభములోనే సైకిలును ఆకాశమున కెక్కించవలసివచ్చుట మాకు కొంత హాస్యముగానే తోచుచున్నది. ఆ ఖర్చు భరింపలేనివారికి టెకాపో అను సరస్సు వద్ద నుండి మరొక ఆరంభము కూడ ఉన్నది. రెండు దారులును పుకాకి సరస్సువద్ద కలియును.

పుకాకి నీటి రంగును చూచినవారు మొదట నమ్మరు. పాలు కలిపిన నీలమువలె ఉండును. హిమానీనదములు, అనగా మంచుగడ్డల నదులు, కొండను ఒరసికొనుచు మెల్లగా జారునప్పుడు రాయి నలిగి మెత్తని పిండి అగును. ఆ పిండి బరువు లేనిదగుటచే అడుగునకు దిగక నీటిలోనే తేలియుండును. సూర్యకాంతిలోని ఎరుపును నీరు మ్రింగివేయును. నీలమును, ఆకుపచ్చను ఈ రాతిపిండి వెదజల్లి మన కంటికి పంపును.

సరస్సు చుట్టునున్న పీఠభూమి మాత్రము ఎండిన నేల. పడమటి సముద్రపుగాలి కొండ ఎక్కుచు తన తడినంతయు అటువైపుననే కురిసి, ఇటు దిగునప్పటికి పొడిగాలి అగును. అందుచే ఇక్కడ చెట్లు తక్కువ. గోధుమవన్నె గుబురుగడ్డి, దానిని మేయు మెరీనో గొర్రెలు మాత్రము ఉండును. ఈ సీమకు 1855లో పట్టుబడిన మెకంజీ అను గొర్రెలదొంగ పేరు పెట్టినారు. తొమ్మిది నెలలకే క్షమాభిక్షయు దొరకినది. దొంగపేరు దేశమునకు స్థిరపడుట లోకములో అరుదు. ఈ సీమలోనే ఐరిష్‌మన్ క్రీక్ అను గొర్రెల క్షేత్రమున, విలియం హామిల్టన్ అను క్షేత్రస్వామి 1950 తరువాతి సంవత్సరములలో లోతులేని నదులలో పోగల జెట్‌పడవను రూపొందించినాడు. దానికిని మనకును ఒక సంబంధము కలదు. 1977లో హిల్లరీ గంగాసాగరము నుండి హిమాలయముల దిశగా గంగపై ఎదురెక్కిన యాత్ర ఈ జాతి పడవలమీదనే సాగినది. కడలి నుండి కొండకు జరిగిన ఆ యాత్ర, మన బాటను తలక్రిందులు చేసినట్లున్నది.

పుకాకి దాటిన పిదప నది నదిగా కనబడదు. సరస్సు నుండి సరస్సునకు త్రవ్విన కాలువలలో నీరు పారుచుండును. గట్టుమీద మనము తొక్కుచుందుము. కొండ నుండి కడలికి పోవులోపల ఈ నీరు ఎనిమిది విద్యుత్కేంద్రములలో పని చేయును. ఒక కేంద్రము వాడి విడిచిన నీటినే మరొకటి పట్టుకొనును. ఈ కాలువలు త్రవ్విన పనివారికై 1968లో ట్వైజెల్ అను ఊరు వెలసినది. పని ముగియగానే ఊరిని విప్పివేయుట మొదటి ఏర్పాటు. ఇండ్లే బండ్లపై మోసుకొనిపోదగినవి; కొన్ని అంతకు పూర్వపు ఆనకట్ట ఊరినుండి అట్లు వచ్చినవే. కాని పదునైదేండ్లు కాపురమున్న చోటును విడువమని నివాసులు పట్టుబట్టినారు. 1983లో ఊరు నిలుచునని తీర్మానమైనది. నేడు సైకిలుయాత్రికునకు పడక, భోజనము దొరకు ముఖ్యమైన మజిలీ అదియే. ఊరిచెంత ఒక నల్లని నీటిపిట్టను కాపాడి పెంచు కేంద్రము ఉన్నది. 1981లో ఆ జాతి పెద్దపిట్టలు 23 మాత్రమే మిగిలినవి. మావోరీలు దానిని ‘కాకీ’ అందురు. మన కాకికి, దానికి నలుపు తప్ప వేరు చుట్టరికము లేదు.

కొండ నుండి కడలికి అనగా అంతయు పల్లమే యని ఎవరైన తలచిన, ఒహావూ సరస్సు దాటిన మరునాడు ఆ భ్రమ తీరును. అక్కడ బాట సుమారు తొమ్మిదివందల మీటర్ల ఎత్తునకు ఎక్కును. ఈ యాత్రలో అదియే శిఖరము. ఆ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు 2020 అక్టోబరులో గాలికి రేగిన కార్చిచ్చులో నలుబదికి పైగా ఇండ్లను పోగొట్టుకొన్నది, ప్రాణనష్టము జరుగలేదు. కొండను మించిన పరీక్ష ఇక్కడి గాలి. వాయవ్యము నుండి వీచినచో వీపున చేయి వేసి నెట్టినట్లుండును. ఎదురు తిరిగినచో పల్లములో కూడ తొక్కవలసివచ్చును. కొండ దిగిన పిమ్మట వచ్చు ఓమరామా వారు మాత్రము ఈ గాలినే సంపదగా చేసికొన్నారు. యంత్రము లేని గ్లైడరు విమానముల ప్రపంచపోటీలు 1995లో అక్కడ జరిగినవి.

తరువాత బెన్మోర్ ఆనకట్ట. 1965లో పూర్తియైన ఈ మట్టికట్ట వంద మీటర్లకు మించిన ఎత్తు కలది. ఇక్కడి విద్యుత్తు సముద్రము క్రింద పరచిన తంతులగుండా ఉత్తరద్వీపమునకు పోవును. దాని దిగువ 1968 నాటి ఏవియెమోర్; ఇంకను దిగువ, అన్నిటికంటె పాతది, వైటాకి ఆనకట్ట. ఇక్కడ కొంతసేపు సైకిలు దిగవలెను.

1928లో ఈ ఆనకట్ట పని మొదలైనది. మరుసటి సంవత్సరము ప్రపంచమంతటను మాంద్యము వచ్చిపడినది. పని ముఖ్యముగా పలుగుతో, పారతో, తోపుడుబండితో సాగినది. పని దొరకునను ఆశతో ఎక్కడెక్కడివారో వచ్చి, ఏటి ఒడ్డున చెట్లక్రింద గోనెపట్టలతో, రేకులతో గుడిసెలు కట్టుకొని కాచుకొని యుండిరి. పనిలో గాయపడినవాని గతి ఏమి? పని దొరకక పస్తున్నవాని బిడ్డకు జ్వరము వచ్చిన ఎవరు చూడవలెను? సమీపమునగల కూరో గ్రామములో ముగ్గురికి ఈ ప్రశ్న నిదుర పట్టనీయలేదు. వారు వైద్యుడు డేవిడ్ మెక్‌మిలన్, పాదిరి ఆర్నాల్డ్ నార్డ్‌మయర్, బడి ప్రధానోపాధ్యాయుడు ఆండ్రూ డేవిడ్‌సన్. ఒకరికి రోగులు, ఒకరికి ఆర్తులు, ఒకరికి పిల్లలు; ముగ్గురు చూచినది ఒకే లేమిని. వారు కూడి చర్చించుచు వచ్చిరి. ఆనకట్ట పనివారు ఒక సంఘముగా ఏర్పడి, ఒక్కొక్కరి కూలి నుండి కొద్దిమొత్తము మినహాయించి, ఆ నిధిలో నుండి వైద్యుని సేవయు, ఆసుపత్రి చికిత్సయు పనివానికి, అతని కుటుంబమునకు అందించు పద్ధతి అక్కడ అమలైనది.

ఆనకట్ట 1934లో పూర్తియైనది. మరుసటి ఏడు జరిగిన ఎన్నికలలో మెక్‌మిలన్, నార్డ్‌మయర్ ఇరువురును లేబర్ పక్షమున శాసనసభకు నెగ్గినారు. ప్రధాని మైకేల్ జోసెఫ్ సావెజ్ ప్రభుత్వము 1938లో సాంఘికభద్రతా చట్టమును చేసినది. దాని వైద్యభాగము వెనుక కూరో అనుభవము ఉన్నదని ఆ దేశచరిత్ర అంగీకరించుచున్నది. వైద్యులసంఘము ఎదిరించినందున అన్ని భాగములు వెంటనే అమలు కాలేదు. నార్డ్‌మయర్ 1941లో ఆరోగ్యమంత్రియై ఆ పని కొనసాగించినాడు. ఆ నాటి మాంద్యములో పనివారు కట్టిన ఆనకట్ట పక్కగా, ఈ నాటి మాంద్యములో పని కల్పించుటకై పుట్టిన సైకిలుబాట పోవుచున్నది. బాట వేసినవారు దీనిని ఉద్దేశించి చేసినారో లేదో గాని, ఇచట యాత్రికులు ఎక్కువసేపు ఆగకపోవుట మాకు లోపముగానే తోచును.

ఆనకట్టకు మరొక లెక్కయు కలదు. వైటాకి నదిలో పామువలె పొడవైన మలుగుచేపలు ఉన్నవి. అవి మంచినీటిలో దశాబ్దములు పెరిగి, జీవితమున ఒక్కసారి గ్రుడ్లు పెట్టుటకు నదిని దిగి, ఉష్ణమండలపు సముద్రమునకు పోయి అక్కడనే మరణించును. వాని పిల్లలు అలలపై తేలివచ్చి నదిని ఎగప్రాకును. ఈ కొండ కడలి యాత్ర వానికి వినోదము కాదు. అదే వాని బ్రతుకు. ఆనకట్టలు ఆ దారిని మూసివేసినవి. మావోరీలకు అవి తరతరాల ఆహారము. అందుచే ఇప్పుడు క్రిందివాని పిల్లలను పట్టి పైకి, పైవాని పెద్దలను పట్టి క్రిందికి, మనుష్యులే మోసి దాటించుచున్నారు.

కూరో దాటిన పిదప లోయ విశాలమై, ద్రాక్షతోటలు, పంటపొలములు కనబడును. డంట్రూన్ సమీపమున టకిరోవా అను సున్నపురాతి చరియ క్రింద బొగ్గుతోను, జేగురుతోను మావోరీలు వ్రాసిన బొమ్మలు ఉన్నవి. అందులో తెరచాప ఓడ, గుఱ్ఱపురౌతు కూడ ఉండుటచే, తెల్లవారు వచ్చిన తరువాతను ఆ చిత్రకారులు చేయి మానలేదని తెలియుచున్నది. కొంతదూరములో పచ్చికబయలున ఏనుగులు పండుకొన్నట్లు పెద్దరాళ్లు. ఇవి కోట్ల ఏండ్ల క్రిందటి సముద్రపు అడుగు. ఇచటి రాతిపొరలలో తిమింగిలముల ఎముకలు, మనిషి ఎత్తు పెంగ్విను పక్షుల ఎముకలు దొరకినవి. కడలి ఇంకను ఒకరోజు దూరముండగనే కడలిని తొక్కుచు పోవుచున్నా మన్నమాట. పిమ్మట పాత రైలుకట్టపై ఒక సొరంగము. దీపము వెంట లేనివారు అందులో సైకిలు దిగి నడచుట మేలు.

ఓమరూ ఆ సున్నపురాతితోనే కట్టిన ఊరు. రంపముతో కోయుటకు లొంగునంత మెత్తన; గాలికి గట్టిపడును. పందొమ్మిదవ శతాబ్దిలో ఉన్ని, ధాన్యము ఓడలకెత్తించి ధనవంతమైన ఆ పట్టణము భవనములు కట్టి, తరువాత అప్పులపాలైనది. కూల్చుటకు డబ్బులేక మిగిలిన ఆ కట్టడములనే ఇప్పుడు జనులు చూడవచ్చుచున్నారు. ముందు చక్రము మనిషి ఛాతీ యెత్తు, వెనుక చక్రము గుమ్మడికాయంత ఉండు పాతకాలపు సైకిళ్లను కొందరు ఇక్కడ ఇప్పటికిని తొక్కుదురు.

బాట ఒడ్డున ముగియును. పొద్దు వాలిన తరువాత, లోకములోని పెంగ్వినులలో కెల్ల చిన్నవి, అడుగు ఎత్తు మాత్రమే ఉన్న నీలిపెంగ్వినులు, పగలంతయు సముద్రములో వేటాడి గుంపులుగా ఒడ్డెక్కి, పూర్వము రాళ్లు తీసిన క్వారీలోని తమ గూళ్లకు నడచిపోవును. ఆ వేళకు యాత్రికులు సైకిళ్లను గోడకు చేర్చి, చప్పుడు చేయక వరుసలో కూర్చుందురు. మరునాటి ప్రయాణము సంగతి వేరు. తిరుగుదారి అంతయు ఎక్కుడే గనుక, చాలమంది సైకిలును మోటారుబండికి కట్టించుకొని వెనుకకు పోవుదురు.