1962కి మా వంటింటి నందులు

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. నేను సినిమా పండితురాలిని కాను. ఇంటర్ దాకా చదివి, పెళ్లయ్యి, ఖమ్మం నుంచి తెనాలి వచ్చి స్థిరపడ్డ మామూలు గృహిణిని. అలాంటి నేను సినిమాలకు బహుమతులు పంచడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఎలా జరిగిందో చెబుతాను, ఆ తర్వాత నవ్వండి.

పోయిన శ్రావణంలో మా అత్తయ్య స్నానాలగదిలో జారిపడ్డారు. మడమ దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు సిమెంటు కట్టు, మంచం దిగకూడదన్నారు డాక్టరుగారు. డెబ్భై అయిదేళ్ల మనిషి, ఒక్క పూట కూడా కూర్చుని ఎరగని మనిషి. ఇక చూడండి నా అవస్థ! "చారులో పోపు మాడింది", "ఆ పిల్లాడు ఇంకా లేవలేదా", "పాలు పొంగాయి, వాసన రావడంలా?" అని మంచంమీద నుంచే ఇల్లంతా నడిపేవారు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్య పని మాటలే తప్ప కబుర్లు లేవండీ. తగాదాలూ లేవు, దగ్గరతనమూ లేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ గొణుగుడు ఆపడానికి సెల్‌ఫోన్‌ని స్టీలు గ్లాసుకి ఆనించి 'గుండమ్మ కథ' పెట్టాను. అంతే, ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఇది వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. మా నాన్న బండి కట్టి తెనాలి తీసుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి తెల్లారింది" అన్నారు. ఆరోజు నుంచి వరసగా 1962లో వచ్చిన సినిమాలన్నీ వెతికి చూడటం మా పని అయ్యింది.

మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. వాడే చెప్పాడు, రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డులు మొదలుపెట్టింది 1964లోనట. అంటే 1962 సినిమాలకు నందులు లేవన్నమాట! "అయితే మనమే ఇద్దాం" అన్నారు అత్తయ్య. షరతులు మూడు. సినిమా పూర్తిగా చూడాలి. ఇద్దరం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మా అబ్బాయి తీర్పు. నందులు పోయించడానికి మా దగ్గర కంచు లేదు కాబట్టి బహుమతులు వంటింట్లోంచే.

ఉత్తమ నటుడు: గుమ్మడి ('మహామంత్రి తిమ్మరుసు')

రామారావుగారు శ్రీకృష్ణదేవరాయలు, గుమ్మడిగారు తిమ్మరుసు. రాయలు ఆయన్ని "అప్పాజీ" అని పిలుస్తుంటే నిజంగా తండ్రీకొడుకులే అనిపిస్తారు. తీరా చూస్తే రామారావుగారు 1923లో పుట్టారు, గుమ్మడిగారు 1927లో. అప్పాజీయే నాలుగేళ్లు చిన్న! ముప్పై అయిదేళ్లకే అంత ముసలితనం, అంత పెద్దరికం ఎలా తెచ్చుకున్నారో. చేయని నేరానికి కళ్లు పోగొట్టుకున్న మంత్రిని చూసి మేమిద్దరం కొంగులు తడుపుకున్నాం. "మా తెనాలి దగ్గర రావికంపాడు వాడు" అని అత్తయ్య గర్వం. బహుమతి: ఒక జాడీ ఆవకాయ.

ఉత్తమ భర్త: అక్కినేని ('మంచి మనసులు')

ఇలాంటి బహుమతి ఏ ప్రభుత్వమూ ఇవ్వదు, మనమే ఇచ్చుకోవాలి. ఆదుర్తి సుబ్బారావుగారి సినిమా ఇది. భార్య షావుకారు జానకికి చూపు ఉండదు. ఆమెకు శిల్పాలు ఎలా ఉన్నాయో పాటలో చెబుతాడు భర్త. కళ్లున్న మనల్ని చీరలకొట్టుకు తీసుకెళ్లి, బయట నిలబడి వాచీ చూసుకునే మొగుళ్లు ఒక్కసారి ఈ పాట చూడాలి. మా వారికి చూపించాను. "బాగుంది" అని పేపరు తిప్పారు. అన్నట్టు, అదే ఏడు వచ్చిన 'ఆరాధన'లో అక్కినేనికే చూపు పోతుంది! బహుమతి: అరడజను పూతరేకులు.

ఉత్తమ సంభాషణలు: ముళ్లపూడి వెంకటరమణ ('రక్తసంబంధం')

ఇక్కడ మా ఇద్దరికీ మొదటి తగువు. 'గుండమ్మ కథ'కు మాటలు రాసిన డి.వి. నరసరాజుగారికే ఇవ్వాలని అత్తయ్య. ఆ మాటలు నాకూ ఇష్టమే. కానీ బుడుగును పుట్టించి ఆంధ్రదేశాన్ని నవ్వించిన ముళ్లపూడివారు, సినిమాల్లోకి వచ్చిన కొత్తలోనే ఇంత ఏడిపించే సినిమా రాశారంటే ఆశ్చర్యం కాదూ? తమిళ 'పాశమలర్' కథే ఇది. కానీ మాటలు వింటుంటే మన పక్కింటి అన్నాచెల్లెళ్లలా ఉంటారు. మా అబ్బాయి నా వైపు తీర్పు చెప్పాడు. బహుమతి: వేడి వేడి పెసరట్లు, అల్లం పచ్చడి.

ఉత్తమ పాటల రచయిత: సి. నారాయణరెడ్డి ('గులేబకావళి కథ')

పింగళివారు ఉండగా ఇంకెవరికి ఇస్తావని అత్తయ్య కోప్పడ్డారు. అయినా నేను తగ్గలేదు. సినారె సినిమాకు పాటలు రాయడం 1962లో ఈ సినిమాతోనే మొదలు. కొత్తగా వచ్చినవాడి చేత సినిమాలోని పాటలన్నీ రాయించారు రామారావుగారు. ఆ నమ్మకం ఎంత నిజమో తర్వాత లోకమంతా చూసింది, జ్ఞానపీఠం దాకా వెళ్లారు ఆయన. "మీకు తెనాలివాళ్లు ఉన్నట్టే నాకు మా తెలంగాణవాళ్లు ఉండొద్దా అత్తయ్యా?" అన్నాను. నవ్వి ఒప్పుకున్నారు. బహుమతి: మా అమ్మ నేర్పిన సకినాలు.

ఉత్తమ సంగీతం: ఘంటసాల. ఉత్తమ ఛాయాగ్రహణం: మార్కస్ బార్‌ట్లీ

ఇక్కడ మాత్రం తగువే లేదు. 'గుండమ్మ కథ', 'రక్తసంబంధం' రెండింటికీ సంగీతం ఘంటసాలే. ఒకటి నవ్వించే సినిమా, ఒకటి ఏడిపించే సినిమా, రెండింటిలోనూ పాటలు నేటికీ నోళ్లలో నానుతున్నాయి. ఇక బార్‌ట్లీగారి వెన్నెల సంగతి చెప్పక్కర్లేదు. నలుపు తెలుపుల్లో ఆయన చూపించిన వెన్నెల మా డాబా మీద కూడా కాయడం లేదు. ఇద్దరికీ కలిపి బహుమతి: ఏలకులు వేసిన చక్కెర పొంగలి.

ఉత్తమ సహాయ నటి: ఛాయాదేవి ('గుండమ్మ కథ')

గుండమ్మనే హడలగొట్టిన దుర్గమ్మ. "గయ్యాళికి గయ్యాళి" అంటే ఏమిటో చూపించింది మహాతల్లి. బహుమతి: కొరివికారం. మంటగానే ఉండాలి మరి!

ఇక అసలు సంగతి. ఉత్తమ నటి ఎవరు?

నా పుస్తకంలో మొదటిరోజే సావిత్రి పేరు రాసేశాను. ఆ ఒక్క ఏడాదిలో సావిత్రి చేసినవి చూడండి. 'ఆరాధన', 'మంచి మనసులు', 'గుండమ్మ కథ', 'రక్తసంబంధం', 'ఆత్మబంధువు'. జూన్ 7న విడుదలైన 'గుండమ్మ కథ'లో రామారావుగారికి భార్య. అదే ఏడు నవంబరులో వచ్చిన 'రక్తసంబంధం'లో ఆయనకే చెల్లెలు. నాలుగైదు నెలల తేడాలో జనం రెండింటినీ నమ్మారంటే అది ఎవరి గొప్ప? పైగా అత్తయ్యకు చిర్రావూరు సావిత్రి అంటే సొంత మనిషే. కాబట్టి తగువు రాదనుకున్నాను.

'గుండమ్మ కథ' రెండోసారి చూస్తున్నాం. రామారావుగారు నిక్కరు వేసుకుని సావిత్రితో పిండి రుబ్బే ఘట్టం వచ్చింది. అత్తయ్య ఫోను ఆపమన్నారు. నా ముఖం చూడకుండా, "అమ్మాయ్, కొత్తలో మీ అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు నన్ను గుండమ్మ అనేదానివి కదూ?" అన్నారు.

నా చేతిలో చిక్కుడుకాయలు చేతిలోనే ఉండిపోయాయి. నిజమేనండీ. "మా గుండమ్మ బాగానే ఉంది, మా గుండమ్మ ఊరెళ్లింది" అని అమ్మకూ నాకూ అదొక గుట్టు మాట. ఇన్నేళ్లూ ఆవిడకు తెలియదనుకున్నాను. ఏం చెప్పను? "తప్పయింది అత్తయ్యా" అన్నాను.

"తప్పేముందే? మా అత్తగారిని నేనూ అలాగే అనుకునేదాన్ని. రోజూ రెండు మానికల పప్పు రుబ్బించేది" అన్నారు. కాసేపు ఊరుకుని, "కానీ ఒకటి చూశావా? ఆ గుండమ్మకి మొగుడు లేడు. చేతిలో ఆస్తి ఉంది. చుట్టూ చేరినవాళ్లలో దాన్ని కాజేద్దామని చూసేవాళ్లే ఎక్కువ. గొంతు పెంచకపోతే ఆ ఇల్లు నిలుస్తుందా?" అన్నారు.

మా మామగారు పోయేనాటికి అత్తయ్యకు ముప్పై ఎనిమిదేళ్లు. ఇద్దరు పిల్లలు, మూడెకరాల మాగాణి, గట్టు జరిపే దాయాదులు. ఆ గొంతు అప్పుడు పెరిగింది. మళ్లీ తగ్గించడం ఆవిడకు చేతకాలేదు. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆ గొంతే విన్నాను గానీ అది ఎందుకు పెరిగిందని ఒక్కరోజైనా ఆలోచించలేదు. సవతి కూతురి చేత చాకిరీ చేయించడం గుండమ్మ తప్పే. ఆ తప్పును సినిమా కూడా ఒప్పుకోదు. చివరికి ఆవిడను ఆదరించేది ఆ సవతి కూతురు లక్ష్మే.

ఆ రాత్రి పుస్తకంలో సావిత్రి పేరు కొట్టేసి సూర్యకాంతం పేరు రాశాను. పొద్దున్నే చెబితే అత్తయ్య ససేమిరా అన్నారు. "కాదు, సావిత్రికే ఇవ్వాలి. నోరెత్తకుండా ఆ చాకిరీ చేసింది చూడు, అది కష్టం. నేను చేసి ఎరుగుదును, నువ్వు చేసి ఎరుగుదువు" అన్నారు. చూశారా విచిత్రం? కోడలు అత్త పక్షం, అత్త కోడలి పక్షం!

తీర్పు మా అబ్బాయికి వెళ్లింది. వాడు ఒకటే అడిగాడు. "సినిమా పేరు ఎవరిది నాయనమ్మా?"

ఆలోచిస్తే నిజమే కదండీ. రామారావుగారికి నూరో సినిమా, నాగేశ్వరరావుగారికి తొంభై తొమ్మిదోది. అంతటి హీరోలు ఇద్దరున్నా మన తెనాలి చక్రపాణిగారి విజయావారు సినిమాకు అత్తగారి పేరు పెట్టారు. ముందు ఎవరి పేరు వేయాలనే పేచీ లేకుండా మొదట్లో పేర్లకు బదులు బొమ్మలు చూపించారు. కథంతా సూర్యకాంతం చుట్టూ తిరుగుతుంది. అలాంటప్పుడు ఆవిడ "సహాయ నటి" ఎలా అవుతుంది? 1924లో పుట్టిన ఆవిడ రామారావుగారి కంటే ఏడాది చిన్న. అయినా ఆయనకు అత్తగారిగా చేసి మెప్పించింది. తెరమీద ఎంత గయ్యాళో బయట అంత అన్నపూర్ణ. షూటింగులకు ఇంటి నుంచి వంటలు తెచ్చి అందరికీ కొసరి కొసరి వడ్డించేదని ఆమెతో పనిచేసిన వాళ్లంతా చెప్పుకుంటారు. 1994లో ఆవిడ పోయారు. ఈనాటికీ ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి జనం జంకుతారంటే అంతకంటే పెద్ద నంది ఏముంది?

కాబట్టి ఉత్తమ నటి: సూర్యకాంతం ('గుండమ్మ కథ'). అత్తయ్య మాట తీసేయలేక, అయిదు సినిమాలకూ కలిపి "ఈ ఏటి మేటి నటి" అని సావిత్రికి ఇంకో బహుమతి పెట్టాం. సావిత్రికి పాలతాలికలు. సూర్యకాంతానికి రుబ్బురోట్లో రుబ్బిన పిండితో మినపగారెలు. మిక్సీ పిండి పనికిరాదని అత్తయ్య ఆజ్ఞ.

ఉత్తమ చిత్రం: 'గుండమ్మ కథ'

ఆ ఏడు తెలుగులో రాష్ట్రపతి రజత పతకం 'మహామంత్రి తిమ్మరుసు'కు వచ్చింది. 'కులగోత్రాలు', 'సిరిసంపదలు' యోగ్యతా పత్రాలు తెచ్చుకున్నాయి. 'గుండమ్మ కథ'కు ఏదీ రాలేదు. పెద్దల తీర్పును తప్పు పట్టను, 'తిమ్మరుసు' గొప్ప సినిమాయే. విచిత్రమేమిటంటే ఆ రెండు సినిమాలనూ తీసింది కమలాకర కామేశ్వరరావుగారే. కాబట్టి ఉత్తమ దర్శకుడి బహుమతి వెతుక్కోకుండానే తేలిపోయింది! కానీ ఒక ఇంట్లో ఇన్నేళ్లు పక్కపక్కనే ఉండి మాట్లాడుకోని ఇద్దరు ఆడవాళ్ల చేత మాట్లాడించింది 'గుండమ్మ కథ'. మా ఇంటి వరకు అదే ఉత్తమ చిత్రం.

కట్టు విప్పిన రోజున బహుమతులన్నీ వండుకున్నాం. తీసుకోవడానికి వాళ్లెవరూ లేరు కదా, వాళ్ల తరఫున మేమే తిన్నాం. గారెల పిండి రుబ్బుతుంటే అత్తయ్య పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "పలచన చేయకు, నూనె తాగుతాయి" అని అరిచారు. గొంతు అదే. నాకు మాత్రం ఆరోజు పెద్దగా వినిపించలేదు.

మీ ఇంట్లోనూ ఒక పెద్దావిడ ఉండే ఉంటారు. ఆవిడకు పన్నెండేళ్లప్పుడు ఏ సినిమా వచ్చిందో అడగండి. పక్కన కూర్చుని ఆ సినిమా చూడండి. బహుమతులు మీ ఇష్టం, ఎవరికైనా ఇచ్చుకోండి. చూస్తున్నప్పుడు ఆవిడ మధ్యలో ఏదైనా చెప్పబోతే మాత్రం ఫోను ఆపడం మరచిపోకండి.