గేరు కూడా బ్రేకే

విహారయాత్ర అనగానే మన హాస్టల్ పిల్లల నోట ముందు వచ్చే పేరు మారేడుమిల్లి, ఆ తర్వాత అరకు. రెండూ ఘాట్ రోడ్లే. మాట్లాడుకున్న బస్సు, దాని డ్రైవరు మాత్రం అమలాపురమో, రాజోలో, కొత్తపేటో అయి ఉంటారు. మనవాళ్లను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. కోనసీమ నేల బల్లపరుపు. ఏటిగట్టు ఎక్కి దిగేచోట, చించినాడ, బోడసకుర్రు, ఎదుర్లంక వంటి వంతెనల దగ్గర తప్ప మనకు వాలు అంటే ఏమిటో తెలియదు. ఆ వాలు కూడా నిమిషంలో అయిపోతుంది. ఇక్కడ ఇరవై ఏళ్లు వంక లేకుండా బండి నడిపిన మనిషికైనా కొండ దిగే పద్ధతితో పని పడి ఉండకపోవచ్చు. అందుకే బస్సులో కూర్చునే మనం కూడా ఆ సంగతి తెలుసుకుని ఉండాలి.

కొండ దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది ముందు గేరు, తర్వాతే బ్రేకు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి బండిని చిన్న గేరులో ఉంచితే ఇంజన్ చక్రాలను తిప్పడం మాని, చక్రాలే ఇంజన్ని తిప్పవలసి వస్తుంది. ఇంజన్ లోపలి రాపిడి, గాలిని పీల్చి వదిలే శ్రమ బండి వేగాన్ని తినేస్తాయి. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బండి నెమ్మదిగా దిగుతుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

గేరు సాయం లేకపోతే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అది ఎంత భారమో పదో తరగతి లెక్కతోనే తెలుస్తుంది. పది టన్నుల బస్సు 400 మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఎంజీహెచ్ సూత్రం ప్రకారం దాదాపు 3 కోట్ల 92 లక్షల జౌళ్ల శక్తి బయటపడుతుంది. అదంతా వేడిగా మారితే సుమారు 130 లీటర్ల చన్నీళ్లను మరుగు పట్టించవచ్చు. మన వంటశాలలో పెద్ద గుండిగలకు సరిపోయే మంట చక్రాల దగ్గర డ్రమ్ములలో పుడుతోందన్నమాట. డ్రమ్ము కాగి వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు వదులుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు.

మినీ బస్సులు, టెంపో ట్రావెలర్లలో ఇంకో ప్రమాదం ఉంది. వాటిలో చాలావాటికి బ్రేకు ఆయిల్‌తో పనిచేస్తుంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. కాలువలూ, చెరువులూ, సముద్రపు గాలీ ఉన్న మన ప్రాంతంలో రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం దండగ ఖర్చు కాదు. ఆయిల్ మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తగా అడుగుకు పోతుంది.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. అందులో వంద మందికి పైగా ఎక్కి ఉన్నారు. మనిషికి 55 కిలోల లెక్కన 50 మంది అదనంగా ఎక్కితే 2,750 కిలోలు. అంత బరువునూ ఆ బ్రేకులే మోయాలి. "ఇంకో పదిమందిని సర్దుదాం సార్" అని యాత్రకు ముందు బతిమాలే తమ్ముళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడాలి.

ఇక న్యూట్రల్ సంగతి. దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందని ఇప్పటికీ కొందరి నమ్మకం. నిజానికి ఈనాటి డీజిల్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఆయిల్ సరఫరా దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజన్ తిరగడానికి డీజిల్ కాలుతుంది. పైగా బండి వేగం అందుకున్నాక చిన్న గేరు మళ్లీ పడదు. కొందరు ఇంజన్ కూడా ఆపేస్తారు. అప్పుడు పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకు సాయం చేసే బూస్టర్ రెండు మూడు తొక్కుళ్లకే చేతులెత్తేస్తుంది.

డ్రైవరు తప్పు లేకుండా కూడా బండి గేరు నుంచి జారిపోవచ్చు. గేరు పళ్లు, ఫోర్కు అరిగినా, లోపలి స్ప్రింగు నీరసించినా దిగుడులో లివరు దానంతట అదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. డ్రైవరు లివరును చేత్తో నొక్కిపట్టి నడుపుతుంటే గేర్ బాక్సు పని అడుగుతోందని అర్థం. క్లచ్ ప్లేటు అరిగితే ఇంజన్ మోత పెరుగుతుంది గానీ బండి లాగదు, కాలిన వాసన వస్తుంది. అలాంటి క్లచ్ దిగుడులోనూ పట్టదు. బండి కదిలేటప్పుడు కింద "టక్" మని గట్టిగా కొడితే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ చూపించాలి. అది తెగితే ఇంజన్‌కూ చక్రాలకూ సంబంధమే పోతుంది. షూటింగులకు మన ఊళ్లకు వచ్చే కారవాన్లకు ఈ జాగ్రత్తలు మరీ అవసరం. మంచాలు, ఏసీ, నీళ్ల ట్యాంకు ఎప్పుడూ మోస్తూనే తిరిగే బళ్లవి.

ఈ గుర్తులు బయలుదేరే ముందు రోజే చూడవచ్చు. ఖాళీ బస్సును ఏటిగట్టు మీదికి ఎక్కించి, సెకండ్ గేరులో దింపి చూడమని వార్డెన్ గారు అడిగితే ఏ యజమానీ కాదనలేడు. దారిలో బ్రేకు పోతే డ్రైవరు ఇంజన్ ఆపకుండా ఒక్కో గేరు దించుతూ, పెడల్ పదేపదే తొక్కుతూ, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ బండిని లోయ వైపు కాక కొండ వైపుకు ఆనించాలి. ఆ సమయంలో మనం అతని చుట్టూ మూగకుండా సీట్లు గట్టిగా పట్టుకుని కూర్చోవాలి.

గల్ఫ్‌లో డ్రైవర్లుగా ఉన్న మన పూర్వ విద్యార్థులు నడిపేవి ఎక్కువగా ఆటోమేటిక్ బళ్లు. వాటి గొడవ వేరు. అమెరికాలో ఫోర్డ్ బళ్లు కొన్ని పార్క్‌లో పెట్టామనుకున్నాక రివర్స్‌కు జారి, దిగిన మనుషుల మీదికే వచ్చాయని ఫిర్యాదులు వచ్చాయి. ప్రభుత్వం విచారణ జరిపింది. చివరకు 1980లో కుదిరిన ఒప్పందం ప్రకారం సుమారు 2 కోట్ల 30 లక్షల బళ్ల యజమానులకు కంపెనీ హెచ్చరిక స్టిక్కర్లు పంపింది. లివరు పార్క్‌లో పూర్తిగా పడిందో లేదో చూడండి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా వేయండి, ఇంజన్ ఆపండి అన్నదే అందులోని సారాంశం. కొండ దిగేటప్పుడు ఆ బళ్లలోనూ డి నుంచి ఎల్‌కో, 2కో మార్చుకోవాలి. ఆ అక్షరాలు లివరు పక్కన ఉన్నది అందుకే.