టాల్‌స్టాయి నడిపిన బడి

రష్యాదేశమున తూలా నగరమునకు చేరువను యాస్నాయా పోల్యానా అను పల్లె కలదు. లియో టాల్‌స్టాయి 1828లో అచటనే జన్మించెను. ఆ పల్లెకు అతడే భూస్వామి. బాల్యజీవితమును వర్ణించు నవలతోను, సెవస్తపోల్ యుద్ధకథలతోను అతడు ముప్పది యేండ్లు నిండకమునుపే పేరు గడించెను. అయినను 1859లో అచ్చయిన 'కుటుంబ సౌఖ్యము' అను రచన అతనికే రుచింపలేదు. కథలు వ్రాయుట వ్యర్థమను విరక్తి కలిగెను. కలము ప్రక్కన పెట్టి, ఆ యేడే రైతుబిడ్డల కొఱకు బడి తెరచెను.

రైతులను భూమితోపాటు భూస్వామి సొత్తుగా ఎంచు ఆచారము రష్యాలో 1861లో గాని రద్దు కాలేదు. అట్టి కాలమున దొర తమ బిడ్డలకు జీతము పుచ్చుకొనక చదువు చెప్పుననగా తల్లిదండ్రులు మొదట శంకించిరి. శంకింపక యేమి చేయుదురు? దొర ఊరక యేదైన ఇచ్చుట వా రెన్నడును ఎరుగరు.

ఆ బడి తీరు వింతగా నుండెడిది. ఉదయమున గంట మ్రోగును. పిల్లలు పుస్తకము గాని పలక గాని తేనక్కరలేదు. ఇంటిపాఠము లేదు. మనసు లేనివాడు లేచి ఇంటికి పోవచ్చును. శీతకాలపు రాత్రులలో టాల్‌స్టాయి వారితో కలిసి మంచులో అడవి వెంట నడచుచు కథలు చెప్పెడివాడు. పాట యెందుకు, బొమ్మలు వ్రాయుట యెందుకు అని వా రడుగుదురు. అట్టి ప్రశ్నలకు ఉత్తరము చెప్పుట ఆ రచయితకు సులభము కాలేదు.

ఒకనాడు అతడు సామెతల పుస్తకమొకటి బడికి తెచ్చి, ఒక సామెతపై కథ వ్రాయుడని పిల్లలతో చెప్పెను. చెంచాతో తినిపించి, దాని కాడతోనే కన్ను పొడుచువానిని గూర్చినదా సామెత. ఉపకారము చేసి ఆపై దెప్పిపొడుచువాడని భావము. పిల్లలకు అది అసాధ్యముగా తోచెను. టాల్‌స్టాయి తానే వ్రాయ మొదలిడెను. బాలురు కుర్చీ వెనుక మూగి చదివిరి. ఒక్కడును మెచ్చుకొనలేదు! పేరుమోసిన రచయితకు సిగ్గు వేసెను. తన అభిమానము నిలుపుకొనుటకై మిగిలిన కథ యెట్లు నడుచునో నోటితో చెప్పసాగెను. అంతట బాలురు అది యట్లు కాదు, ఇట్లని దిద్దసాగిరి. అతడు వారు చెప్పినట్లు వ్రాయుచు పోయెను.

తక్కినవారు వెడలిపోయినను స్యోమ్కా, ఫేద్కా అను ఇద్దరు కదలలేదు. రాత్రి ఏడు గంటలు మొదలు పదునొకండు వరకు వారికి ఆకలియు లేదు, అలసటయు లేదు. అతడు వ్రాయుట ఆపినచో కోపగించుకొనిరి. కథలో ఒక రైతు ముసలి బిచ్చగానిని ఇంటికి తెచ్చి ఆదరించును. స్యోమ్కా కంటికి కనబడు వస్తువులను చెప్పుచుండెను: ముసలివాని నారచెప్పులు మంచుకు గడ్డకట్టుట, అవి కరగగా బురద కారుట. ఫేద్కా చూపు మనుష్యుల మీద నుండెను. రైతు పిలువగా వచ్చిన బంధువు ఆడుదాని కోటు తొడుగుకొని రావలెనని అతడు పట్టుబట్టెను. ఎందుకని యడిగిన కారణము చెప్పలేడు. మగవాని కోటు తగదా యన్న, ఒప్పుకొనడు. ఆ ఒక్క కోటుతో చేతికందినది తొడుగుకొని వచ్చిన సన్నని మనిషి టాల్‌స్టాయికి కన్నులయెదుట నిలిచెను. అంత చిన్న వివరమునకు అంత శక్తి యెట్లు వచ్చెనని అతడు ఆశ్చర్యపడెను. ఆ యాశ్చర్యములో సంతోషముతోపాటు భయము కూడ నుండెను.

తరువాత అజాగ్రత్తవలన ఆ వ్రాతప్రతి పోయినది. టాల్‌స్టాయి మిక్కిలి చింతించెను. ఆ యిద్దరు బాలురును అతని యింటనే రాత్రి యుండి, తలుపు మూసికొని, కథను మరల వ్రాసిరి. 1862లో అతడు ఈ వృత్తాంతమంతయు తన విద్యాపత్రికలో ప్రకటించి, రైతుబిడ్డలే మనకు వ్రాత నేర్పవలెనని వాదించెను. ఇందు కొంత అతిశయోక్తి లేకపోలేదు. ఆ కోటు విలువ గ్రహించుటకు టాల్‌స్టాయి వంటివాడు ప్రక్కన కూర్చుండవలసి వచ్చెను గదా! అయినను ఆ రాత్రి అతనికి మేలు చేసెనని నమ్మవచ్చును.

ఆ 1862లోనే అతడు ఊర లేని సమయమున పోలీసులు ఇల్లు సోదా చేసిరి. అటుపిమ్మట వివాహమయ్యెను. బడి నిలిచిపోయెను. విరక్తుడై కలము పెట్టినవాడు 'యుద్ధము-శాంతి' నవలకు పూనుకొని, 1869 నాటికి ముగించెను. 1872లో మరల ఇంటిలోనే బడి పెట్టెను. ఈసారి భార్యయు, పెద్దపిల్లలును పాఠములు చెప్పిరి. ఆ సంవత్సరమే అక్షరములు మొదలు కథలవరకు గల పెద్ద బాలవాచకమును ప్రకటించెను. అందలి వాక్యములు చిన్నవి. వర్ణనలు మితములు. అనవసరమగు మాట ఒక్కటియు నిలువకుండునట్లు అతడు కథలను పలుమారులు తిరుగవ్రాసెను.

'కళ యనగా నేమి' అను గ్రంథము 1898లో వెలువడెను. అప్పటికి టాల్‌స్టాయి కీర్తి ప్రపంచమంతట వ్యాపించియుండెను. మంచి కళ యెట్టిదో అందు వివరించుచు, తన రచనలలో రెండు కథలను మాత్రమే మినహాయించి తక్కిన వానినన్నిటిని చెడ్డకళలో చేర్చెను. మహానవలలకు గూడ ఆ తీర్పు తప్పలేదు. మిగిలిన రెండును 'దేవుడు నిజమెరుగును', 'కాకసస్ బందీ' యను చిన్నకథలు. ఆ రెండును పిల్లల వాచకములలోనివే.