పలకనివాళ్లు లేనట్టేనా?

తెనాలిలో ఒక బట్టల కొట్టు అనుకుందాం. రెండు బిల్లింగ్ కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నాలుగు సీసీ కెమెరాలు, ఓనరుగారబ్బాయి ఫోను, ఎవరిదో తెలియని ఇంకేదో. అన్నీ ఒకే రూటరు కింద. లెక్క తేల్చడానికి ఎన్‌మ్యాప్ తెరుస్తాం. 1997లో గోర్డన్ లయన్ విడుదల చేసిన ఈ సాధనం ముందు హాజరు పిలుస్తుంది, పలికినవాళ్ల పోర్టులే తరవాత తడుతుంది. హాజరు ఎలా పిలవాలో చెప్పాల్సింది మనమే.

అందరికీ తెలిసింది పింగ్. 'ఉన్నావా' అంటే 'ఉన్నా' అనాలి. విండోస్ ఫైర్‌వాల్ మాత్రం అప్పులవాడు తలుపు కొట్టినప్పటి ఇంటివాళ్లలా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది.

దానికి మందు ఏఆర్‌పీ. 1982 నాటి ఈ పద్ధతిలో 'ఈ ఐపీ ఎవరిది?' అని అందరికీ వినబడేలా అడుగుతాం. దీనికి బదులివ్వని యంత్రానికి తోటి యంత్రాలు ఏమీ పంపలేవు. అందుకే పింగ్‌కు మొహం చాటేసినవి కూడా ఇక్కడ పలుకుతాయి. కొట్టుకు 'ఎస్‌ఎన్' ఆప్షన్ చాలు. హాజరు తీసుకుని ఊరుకుంటుంది, పోర్టుల జోలికి పోదు. అడ్మిన్ అధికారంతో నడపడం మరవకండి. లేకపోతే ఏఆర్‌పీ పంపలేక 80, 443 పోర్టులు తట్టి సరిపెట్టుకుంటుంది. ఫోన్లు నిద్రపోతుంటాయి కాబట్టి రెండోసారీ పిలవండి.

ఏఆర్‌పీకీ ఒక హద్దుంది. తెనాలి నుంచి రేపల్లె వైపు వెళ్లే పట్టాలు అక్కడితో సరి. కృష్ణ దాటి అవనిగడ్డ పోవాలంటే రోడ్డెక్కాల్సిందే. అలాగే రూటరు దాటితే ఏఆర్‌పీ పనిచేయదు. అక్కడ ఎన్‌మ్యాప్ పింగ్, టైమ్‌స్టాంప్, 443కు సిన్, 80కి యాక్ అని నాలుగు రకాలుగా అడుగుతుంది. అవతల లినక్స్ సర్వర్లున్నాయని తెలిస్తే 'పీఎస్'తో 22 తట్టమనండి.

బాపట్ల కాలేజీల ఊరు, ప్రాక్సీ అంటే ఏమిటో అక్కడ విడమరచి చెప్పనక్కరలేదు. నెట్‌వర్కులోనూ అదే పేరుతో అదే పని జరుగుతుంది. ప్రాక్సీ ఏఆర్‌పీ పెట్టిన రూటరు అందరి తరఫునా 'ప్రెజెంట్ సార్' అంటుంది. 254 చిరునామాలూ పలికాయంటే సంతోషించకండి. ఏఆర్‌పీని ఆపేసి మళ్లీ అడగండి.

ఇక చాలామంది మోజుపడేది 'పీఎన్'. హాజరు పిలవకుండానే అందరికీ హాజరు వేసేయడం. రూటరు అవతలి 254 చిరునామాల మీద వాడితే, తలా వెయ్యి పోర్టుల చొప్పున 2,54,000 తలుపులు. చాలావాటి వెనక ఇల్లే ఉండదు. ఒకే నెట్‌వర్కులో అయితే 'పీఎన్' అన్నా ఎన్‌మ్యాప్ ఏఆర్‌పీ అడిగే తీరుతుంది. యంత్రం ఉందని ఖాయంగా తెలిసి, అది పలకనప్పుడే దీని అవసరం.

ఇదంతా సొంత నెట్‌వర్కులో, లేదా యజమాని సరేనన్నాకే. జాబితా చేతికొచ్చాక కొట్టంతా ఒకసారి తిరిగి చూడండి. మూలనున్న మామూలు స్విచ్‌కు ఐపీయే ఉండదు, ఎంత పిలిచినా పలకదు. ఆ పిలుపులన్నీ మోసింది అదే. హాజరు పట్టీలో మాస్టారి పేరు ఉండదు కదా.