యంత్రపు గడియారమును కొంచెము చలింపజేయుట

కంప్యూటరు ప్రక్కను రేడియో నుంచినప్పుడు బరబరమను ధ్వని వినవచ్చుట మన విద్యార్థులలో ననేకులు గమనించియే యుందురు. ఆ బాధను దగ్గించుటకు ఇంజనీర్లు పన్నిన యుపాయ మొకటి మిక్కిలి చిత్రమైనది. దానిని కొంత వివరించెదను.

ప్రతి కంప్యూటరునందును ఒక గడియారము గలదు. అది ప్రొద్దు దెలుపునది కాదు. కవాతులో అడుగులు కలుపుటకు మ్రోగించు డప్పువంటిది. యంత్రభాగము లన్నియు దాని దెబ్బ ననుసరించియే పని చేయును. సెకండునకు 10 కోట్ల దెబ్బలు, అనగా 100 మెగాహెర్ట్జులు, నేటి కంప్యూటర్లలో సామాన్యము. క్వార్ట్జు స్ఫటికము వలన ఈ దెబ్బ అణుమాత్రమైనను తప్పక పడుచుండును. ఆ నిలుకడయే చిక్కు తెచ్చుచున్నది. లోపలి రాగి తీగలు చిన్న ఏరియళ్లవలె శక్తిని వెలికి జిమ్మును. ఆ శక్తి యంతయు 100, 300, 500 మెగాహెర్ట్జులవంటి కొన్ని చోట్లనే సూదిమొనలవలె నిలుచును. మన ఎఫ్.ఎం. ప్రసారములు 88 మొదలు 108 మెగాహెర్ట్జుల నడుమ నుండుటచే మొదటి మొన సరిగా వాని మధ్యనే గ్రుచ్చుకొనును.

ఇట్టి యంత్రములకు అమెరికాలోని ప్రసార సంఘమువారు 1979లో హద్దులు విధించిరి. కొలుచు గ్రాహకము 30 మొదలు 1,000 మెగాహెర్ట్జుల వఱకు 120 కిలోహెర్ట్జుల వెడల్పుగల కిటికీనుండి చూచును.

కళ్లములో ధాన్యపు రాశిని చాపపై పఱచినచో ఎత్తు తగ్గును గాని కొలత తగ్గదు గదా! 1994లో లెక్స్‌మార్క్ కంపెనీ ఇంజనీర్లు హార్డిన్, ఫెస్లర్, బుష్ అనువారు గడియారము విషయమున నిట్టి పద్ధతినే ప్రకటించిరి. స్ఫటికమును ముట్టుకొనరు. దాని వేగమును హెచ్చించు ‘ఫేజ్ లాక్డ్ లూప్’ అను వలయములోని భాజకసంఖ్యను మెల్లమెల్లగా మార్చుచుందురు. అంతట దెబ్బల వేగము 100 నుండి 99.5కు దిగి, మరల 100కు ఎక్కును. వంద దాటనియ్యరు; ఏలయన ఆ వేగమునకే సరిపడునట్లు కట్టిన భాగములు అంతకు మించిన తొందరకు తాళజాలవు. ఈ ఎక్కుదిగుళ్లు సెకండునకు 30 వేల మొదలు 33 వేల మార్లు జరుగును. ఇది చెవికి వినబడు ధ్వనులకు మించినది. అయినను యంత్రములు వెంబడింపగల మెల్లనిది.

ఇప్పుడు శక్తి 500 కిలోహెర్ట్జుల మేర పఱచుకొనినది. ఏ యొక్క కిటికీలోనైనను అది నాలుగింట ఒక వంతు కాలము మాత్రమే యుండును. అయిదవ గుణిజమునందు పఱపు అయిదు రెట్లగుటచే ఇరువదింట ఒక వంతైనను ఉండదు.

ఎక్కుదిగుళ్ల తీరు సైతము ముఖ్యమే. ఉయ్యాల యేవిధముగా రెండు కొనలయందు నిదానించునో, ఆ విధముగా ఊగినచో శక్తి కొనలయందే పోగగును. త్రికోణపు తీరు మేలు. అంతకంటెను మేలైనది కొనలయొద్ద త్వరగా మరలునట్టి యొక వంపు. దాని యాకారమును బట్టి దానికి హెర్షీ కిస్ అను అమెరికా చాకొలెట్టు పేరు పెట్టిరి. పిల్లలకు ఈ పేరొక్కటియే జ్ఞాపకముండునేమో!

శక్తి తగ్గనప్పుడు ఇది పరీక్షకుని కన్ను గప్పుటయే గదా యని కొందఱు ఆక్షేపింతురు. ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. సన్నని కిటికీగల గ్రాహకమునకు మేలు నిజముగనే కలుగును. విశాలమైన కిటికీగల గ్రాహకము మాత్రము పఱచిన ధాన్యము నంతయు ఎత్తుకొనును. దానికి ఊఱట స్వల్పము. కావున తీగలను పొట్టివిగా నమర్చుట, లోహపు కప్పు వేయుట మున్ను చేసి, ఈ యుపాయమును పిదప జేర్చుటయే న్యాయమని నా యభిప్రాయము.

అన్నింటికిని ఇది చెల్లదు. యు.ఎస్.బి. 2.0 వడిగల మార్గములో వేగము రెండువేలలో ఒక వంతుకంటె తప్పరాదు. రెండువందలలో ఒక వంతు చలనము దానికి పొసగదు. తరువాతి యు.ఎస్.బి. 3.0 ఈ చలనమును నియమముగనే స్వీకరించినది. ఒక యంత్రములో ఈ రెండును ఉన్నప్పుడు, చలించు గడియార మొకటి, చలింపని గడియార మొకటి వేఱువేఱుగా నుంచవలసియుండును.